బేబీరాణి అవుట్‌పుట్

తాడేపల్లిగూడెం అవతల పొలాల మధ్య ఉన్న ఆ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రసన్న మేడమ్ అంటే పిల్లలకి భయమూ ఉంది, గౌరవమూ ఉంది. అత్తిలి దగ్గర వరిచేలున్న ఇంట్లో పుట్టి, పెళ్ళయ్యాక ఏలూరులో కాపురముంటూ, రోజూ పాసింజరెక్కి గూడెం వచ్చి జావా చెప్పే మనిషి. ఆలస్యంగా రాదు, సెలవు పెట్టదు, తనకి తెలియనిది తెలుసని చెప్పదు. ఈ మూడో మాట ఆమె తన గురించి తనే నలుగురిలో చెప్పుకునేది.

రెండో సంవత్సరం పిల్లలకి ల్యాబ్ పరీక్ష అంటే అంతకుముందు పెద్ద ప్రయాస. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, ప్రోగ్రాం నడిపించి, మార్కులేసేసరికి చీకటి పడేది, ఆమె రైలు వెళ్ళిపోయేది. వేసవి సెలవుల్లో కూర్చుని ఆ పనంతా చేసిపెట్టే ప్రోగ్రాం ఒకటి తనే రాసింది. పిల్లలు తమ కోడ్ పంపించడమే ఆలస్యం, అది తీసుకుని, కంపైల్ చేసి, నడిపించి, వచ్చిన అవుట్‌పుట్ సరిచూసి మార్కు వేసేస్తుంది. ఎవరైనా పక్కవాళ్ళది దింపి ఇద్దరివీ ఒకేలా వస్తే ఆ రెండు పేర్ల పక్కనా ఎర్రగుర్తు పెడుతుంది. ఒకరి తర్వాత ఒకరిది చూస్తే ఆలస్యమవుతుందని ఏడెనిమిది మందివి ఒకేసారి నడిచేలా థ్రెడ్లు పెట్టింది. ప్రిన్సిపాల్ గారు మీటింగులో లేచి నిలబడి మెచ్చుకున్నారు. హెచ్‌ఓడీ నరసింహరాజు గారు కాలేజీ చూడటానికి ఎవరొచ్చినా ముందు ఆ ల్యాబ్‌కే తీసుకొచ్చేవారు.

ఆ ప్రోగ్రాం రాస్తున్న రోజుల్లో, రాసిన కోడ్‌లో తప్పులు పట్టే కంపైలర్ ఒకచోట పసుపుపచ్చ గీత గీసింది. ఫలితాలు దాచే చోట ఏ రకం వస్తువు పెడతావో చెప్పలేదు, ఏది పడితే అది పట్టేలా ఉంది, చూసుకో అని దాని భావం. క్లాసులో ఆమె చెప్పేది ఇదే. "కంపైలర్ మిమ్మల్ని నలుగురిలో నవ్వులపాలు కాకుండా ముందే తిడుతుంది, దాని మాట వినండి" అని. ఆ పూట మాత్రం నోరు మూసుకోమని దానికే ఒక లైను రాసి, ఆ గీత పోగొట్టి, అక్కడికి మళ్ళీ రాకుండా ముందుకెళ్ళిపోయింది.

ఆ ఏడాది ల్యాబ్ పరీక్షకి ఇచ్చిన లెక్క రైల్వే రిజర్వేషన్. రెండు కౌంటర్లు, ఒకటే బెర్తు మిగిలింది. రెండు కౌంటర్లలోనూ ఒకేసారి అడిగితే ఇద్దరికీ ఆ బెర్తే ఇచ్చెయ్యకూడదు. ఒకరి పని పూర్తయ్యేదాకా రెండోవారు గుమ్మం బయట ఆగాలి. దాన్నే సింక్రనైజేషన్ అంటారు. ఎవరి అవుట్‌పుట్‌లో వాళ్ళ రోల్ నంబరు కనపడాలని షరతు.

ఫలితాలు తెరమీదకొచ్చాయి. బేబీరాణి, సాయిప్రియ పేర్ల పక్కన ఎర్రగుర్తులు. బేబీరాణి అవుట్‌పుట్‌లో ఉన్నది కూడా సాయిప్రియ రోల్ నంబరే.

సాయిప్రియ ఏలూరు అమ్మాయి. ముందు వరసలో కూర్చుంటుంది, చెయ్యెత్తి సమాధానం చెబుతుంది, ఇంగ్లీషు గలగలా మాట్లాడుతుంది. బేబీరాణి కొల్లేరు లంక ఊళ్ళనుంచి వచ్చి కాలేజీ హాస్టల్లో ఉంటోంది. వెనక వరస. పిలిస్తే లేచి నిలబడుతుంది గాని అడిగినదానికి గొంతు పెగలదు. ఈ ఇద్దరిలో ఎవరు ఎవరిది చూసి రాశారో ప్రోగ్రాం చెప్పలేదు. ఒకేలా ఉన్నాయని మాత్రమే చెప్పింది. ఎవరన్నది ప్రసన్నే తేల్చేసింది, అరనిమిషం కూడా ఆలోచించకుండా.

"లేచి నిలబడు" అంది ల్యాబ్ అందరి ముందూ. "నీ అవుట్‌పుట్‌లో సాయిప్రియ నంబరు ఎందుకుంది?"

బేబీరాణి తెరవంక చూసింది. "నాకు తెలీదండి మేడమ్."

"దింపేటప్పుడు నంబరైనా మార్చుకోవాలన్న తెలివి లేదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల చెంపలు కందిపోయాయి. "నేను దింపలేదండి. నా కోడ్ ఒక్కసారి చూడండి మేడమ్. నేనే రాశానండి."

"కోడ్ చూడక్కర్లేదు. అవుట్‌పుట్ అబద్ధం చెప్పదు."

ఆ మాట అన్నప్పుడు తన గొంతులో ఎంత ధీమా ఉందో ప్రసన్నకి తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

తండ్రిని పిలిపించారు. దుర్గారావు చేపల చెరువుల మీద పనిచేస్తాడు. ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, కండువా చేతిలో పట్టుకుని హెచ్‌ఓడీ గదిలోకి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. విషయం చెబుతున్నంతసేపూ తలొంచుకుని "ఆయ్, ఆయ్" అంటూ విన్నాడు. చెప్పడం అయిపోగానే వెనక్కి తిరిగి కూతురి చెంప మీద ఒక్కటి కొట్టాడు. గదంతా ఉలిక్కిపడింది. బేబీరాణి మాత్రం కదల్లేదు. తర్వాత ఆయన వంగి ప్రసన్న కాళ్ళు ముట్టుకోబోయాడు.

"తప్పయిపోయిందండి మేడమ్ గారూ. పిల్ల చదువు పాడుచెయ్యకండి. ఇంకెప్పుడూ చెయ్యదండి."

ప్రసన్న కాళ్ళు వెనక్కి లాక్కుంది. అయ్యో అనుకుంది గాని, ఆ అయ్యో లోపల ఒక తృప్తి కూడా ఉంది. ఈయన మంచి తండ్రి, పిల్లని వెనకేసుకు రాలేదు అనుకుంది. ఆ సాయంత్రమే తండ్రి వెంట బేబీరాణి పెట్టె సర్దుకుని ఊరెళ్ళిపోయింది. ఆ ల్యాబ్‌లో సున్నా పడింది. పండగ సెలవలయ్యాయి, మిగిలిన పిల్లలు తిరిగొచ్చారు, ఆమె రాలేదు. ప్రసన్న అడగనూ లేదు.

తర్వాతి పరీక్షలో మళ్ళీ ఎర్రగుర్తు పడింది. ఈసారి ఇంకొకరితో పాటు చరణ్‌తేజ అనే కుర్రాడికి. ఎలాగో ఒకలా పాసైతే చాలనుకునే రకం, అల్లరివాడు.

"ఎవరిది దింపావు?" అంది ప్రసన్న.

వాడు పకపకా నవ్వేశాడు. "ఎవరిదీ లేదండి మేడమ్. నాది కంపైలే అవ్వలేదండి."

"అవుట్‌పుట్ ఇక్కడుంది కదా."

"అదే నాకూ ఆశ్చర్యంగా ఉందండి. నంబరు ఉండాల్సిన చోట పేరు పెట్టేశానండి, ఎర్రగా చూపించింది. నంబర్లు పట్టే ఇంట్‌లో అక్షరాల స్ట్రింగ్ పట్టదు కదండీ. సరిచేసే లోపల టైమ్ అయిపోయింది. కంపైల్ కానిది నడవదు కదండీ? నడవనిదానికి అవుట్‌పుట్ ఎక్కణ్ణుంచొస్తుందండి?"

క్లాసంతా నవ్వింది. ప్రసన్న వాడి కోడ్ తెరిచింది. వాడు చెప్పింది నిజం. కంపైలర్ గుమ్మంలోనే ఆపేసిన ప్రోగ్రాం అది. లోపలికే రాని మనిషి లోపల కూర్చుని భోంచేశాడని తన ప్రోగ్రాం చెబుతోంది.

నవ్వు సద్దుమణిగాక ఆమె పిల్లల్ని పంపేసి, ల్యాబ్ తలుపు దగ్గరగా వేసి, వేసవిలో రాసిన తన కోడ్ ముందేసుకుని కూర్చుంది. తను నోరు మూయించిన లైను దగ్గరే ఉంది దొంగ. ఏడెనిమిది థ్రెడ్లు, అందరి ఫలితాలకీ కలిపి ఒకే ఒక్క చోటు. ఒక థ్రెడ్ తన పిల్ల ఫలితం అందులో పెట్టి, తిరిగి తీసి చూసుకునే లోపల ఇంకో థ్రెడ్ వచ్చి ఇంకొకరి ఫలితం పెట్టేస్తోంది. మొదటిది ఆ రెండోదాన్ని తీసి, ఇదే నా పిల్లది అనుకుంటోంది. ప్రతిసారీ కాదు. ఇద్దరి పనీ ఒక్క క్షణంలో కలిసినప్పుడు మాత్రమే. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు. ఆ పసుపు గీత ఈ దోషాన్ని పట్టి ఇచ్చేది కాదు. రకాలు చూడటమే కంపైలర్ పని, ఎవరిది ఎవరికి వెళుతుందో దానికి తెలియదు. కాని ఆ గీతని మన్నించి, అక్కడ ఆగి, ఇక్కడ ఏం పెడుతున్నాను, ఎవరి కోసం పెడుతున్నాను అని ఒక్కసారి తనని తాను అడిగి ఉంటే కళ్ళ ఎదుటే కనపడేది.

బేబీరాణి కోడ్ వెతికి తీసింది. ఒక్కదాన్నే విడిగా నడిపించింది. వెంటనే వచ్చేసింది అవుట్‌పుట్, బేబీరాణి రోల్ నంబరుతో, ఒక్క తప్పు లేకుండా. ఆ పనికి పట్టింది అరనిమిషమే. ఆ రోజు చూడండి మేడమ్ అని ఆ పిల్ల బతిమాలింది ఈ కాస్తంత సేపటి కోసమే.

మొదట ఆమెకి కలిగింది పశ్చాత్తాపం కూడా కాదు, భయం. ఎవరికీ తెలియకుండా సరిచేసేస్తే? అన్న ఆలోచన వచ్చిందని ఒప్పుకోవాలి. అది వచ్చినందుకు మళ్ళీ సిగ్గేసింది.

నరసింహరాజు గారు అంతా విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "చూడమ్మా ప్రసన్నా, కాలేజీకి గుర్తింపు ఇచ్చే కమిటీ వాళ్ళు వచ్చేనెల వస్తున్నారు. సాఫ్ట్‌వేర్ తప్పని బయటపడితే మిగిలిన మార్కులన్నిటినీ అడుగుతారు. ఆ పిల్లని పిలిపించి, దయతలచి మళ్ళీ పరీక్ష పెడుతున్నాం అని చెప్పు. మార్కు వచ్చేస్తుంది, చదువు సాగుతుంది. ఎవరికీ నష్టం లేదు."

"అలాగే సార్" అంది ప్రసన్న. నిజంగానే అంది. స్టాఫ్ రూమ్‌లోకి వచ్చి దుర్గారావుకి ఫోన్ చేసింది. మళ్ళీ పరీక్ష పెడతామని చెప్పింది.

"మీ మేలు మర్చిపోనండి మేడమ్ గారూ" అన్నాడాయన. వెనకాల నీళ్ళ మోటారు చప్పుడు. "తప్పు చేసిన పిల్లని మళ్ళీ దగ్గరికి తీశారు. దేవత లాంటోరండి మీరు."

ప్రసన్న ఫోన్ పెట్టేసింది. ఆ దేవత అన్న మాట ఆమె చెవిలోంచి పోలేదు. సాయంత్రం రైల్లో భీమడోలు దాకా ఆ మాటే, ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటుంటే ఆ మాటే.

ఆదివారం ఏలూరులో కైకలూరు బస్సెక్కి, దారిలో దిగి ఆటో మాట్లాడుకుంది. రెండు పక్కలా చెరువులు, మధ్యలో గట్టు మీద దారి. తవుడు సంచులు కట్టిన తాళ్ళ వెంబడి చేపలు నోళ్ళు పైకి పెట్టి తింటున్నాయి. దుర్గారావు ఇల్లు గట్టు చివర ఉంది. ఆయన వల ఆరబెడుతున్నాడు. ఆమెని చూసి కంగారుపడి వల వదిలేసి చేతులు తుడుచుకున్నాడు.

"మేడమ్ గారు! ఏవండీ, మీరు రావడమేంటండీ ఇంత దూరం? కబురు పెడితే మేమే వచ్చేవాళ్ళం కదండీ. అమ్మా బేబీ, కుర్చీ తే."

బేబీరాణి కుర్చీ తెచ్చి వేసింది. నమస్కారం పెట్టింది. మళ్ళీ లోపలికెళ్ళి గుమ్మం పక్కనే నిలబడిపోయింది.

"భోజనం చేసి వెళ్ళాలండి మీరు. పొద్దున్నే శీలావతి చేపలు పట్టాం" అంటున్నాడు దుర్గారావు.

"అయ్యా, కూర్చోండి. మీతో ఒక మాట చెప్పాలి" అంది ప్రసన్న. ఆయన కూర్చోలేదు. "మీ అమ్మాయి కాపీ కొట్టలేదండి."

ఆయన నవ్వాడు, మొహమాటంగా. "మీరు పెద్ద మనసుతో అంటన్నారు. పోనీలెండి, అయిపోయింది కదా. బుద్ధొచ్చింది దానికి."

ప్రసన్నకి అర్థమైంది. తను ఇప్పుడు కూడా దయ చూపిస్తున్నాననే అనుకుంటున్నాడాయన. దయ అనే మాట కింద నిజం కప్పబడిపోతోంది. ఇక్కడితో ఆపి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయినా ఆయన జీవితాంతం తనకి రుణపడి ఉన్నాననుకుంటాడు.

"కాదండి, వినండి. మీ చెరువు మీద పట్టుబడి రోజున, చేపలు పట్టి తూచేటప్పుడు, రెండు చెరువుల చేపా ఒకే కాటా మీదకి వచ్చిందనుకోండి. మీది వేసి, తూకం చూసే లోపల పక్కవాళ్ళు వాళ్ళది వేసేశారు. చూసేవాడు వాళ్ళ తూకాన్ని మీ పేరున చెప్పాడు. అప్పుడు మీరు దొంగతనం చేసినట్టా?"

"నేనెందుకు చేసినట్టండి? కాటా దగ్గర ఉన్నోడిది తప్పు. ఒకళ్ళది దింపాకే ఇంకోళ్ళది వెయ్యనివ్వాలి."

"ఆ కాటా నేను చేసిందండి. అక్కడ నిలబడి చూడాల్సిందీ నేనే. మీ అమ్మాయి తన లెక్క తనే చేసింది, తప్పు లేకుండా చేసింది. నా ప్రోగ్రాం ఆమె పేరున ఇంకొకరిది చూపించింది. నా కోడ్ చూడండి మేడమ్ అని ఆమె అడిగింది. నేను చూడలేదు."

దుర్గారావు మొహంలోంచి ఆ మర్యాద నవ్వు నెమ్మదిగా పోయింది. ఆయన కాసేపు చెరువు వంక చూశాడు. గుమ్మం వంక చూడలేదు.

"ఇంటికొచ్చాక కూడా చెప్పిందండి నాతో" అన్నాడు చివరికి. "నేను చెయ్యలేదు నాన్నా అని. రోజూ చెప్పింది. మేడమ్ గారు అబద్ధం చెప్తారా, చదువుకున్నోరు, అన్నాను. మీ మాట మీద నా పిల్లని కొట్టానండి. మీ ముందే కొట్టాను. మీరు చూస్తా ఉన్నారు."

"అవునండి."

"మీ కాళ్ళు పట్టుకున్నానండి నేను."

ఆయన మరి భోజనం మాట ఎత్తలేదు. వల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు గాని ఆరబెట్టడం లేదు, చేతిలో పట్టుకుని ఉన్నాడంతే.

బేబీరాణి గుమ్మం దాటి బయటికి వచ్చింది. క్లాసులో పెగలని గొంతు ఇక్కడ స్పష్టంగానే ఉంది.

"మేడమ్, ఒకటి అడగొచ్చాండి?"

"అడుగమ్మా."

"మెషీన్ తప్పు చేసిందండి, సరే. ఇద్దరివీ ఒకేలా వచ్చాయి. సాయిప్రియ నాది చూసి రాసిందేమో అని మీరు ఎందుకు అనుకోలేదండి? నన్నే ఎందుకు నిలబెట్టారండి?"

ఆ నంబరు సాయిప్రియది కదా అనొచ్చు. పైకి ఒప్పే మాటే. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కాని రెండు కోడ్లూ చూడకుండానే తేల్చిందెవరు? నంబరు సాయిప్రియదై ఉండకపోయినా తను బేబీరాణినే నిలబెట్టి ఉండేదని ప్రసన్నకి తెలుసు.

"నువ్వు వెనక వరసలో కూర్చుంటావని అనుకున్నాను" అంది, ఒక్కో మాటా కూడదీసుకుని. "నీ ఊరు చూసి అనుకున్నాను. నీ ఇంగ్లీషు చూసి అనుకున్నాను. ఇంత బాగా నువ్వు రాయలేవని అనుకున్నాను. అది మెషీన్ తప్పు కాదు."

బేబీరాణి తలూపింది. ఆ సమాధానం ఆమెకి ముందే తెలిసినట్టుంది. "ఇది ల్యాబ్‌లో చెప్తారాండి? అందరూ ఉన్నప్పుడు?"

"చెప్తాను."

"హెచ్‌ఓడీ సార్ వద్దంటారేమోనండి."

"అన్నారు. అయినా చెప్తాను."

"అయితే వస్తానండి" అని లోపలికెళ్ళిపోయింది.

సోమవారం ప్రసన్న ముందుగా నరసింహరాజు గారి గదికెళ్ళి, తన ప్రోగ్రాం వాడకం ఆపేస్తున్నానని, అప్పటిదాకా అది వేసిన మార్కులన్నీ చేత్తో మళ్ళీ చూస్తానని చెప్పింది. ఆయన చాలాసేపు కోప్పడ్డారు. కమిటీ ముందు తల దించుకోవాల్సి వస్తుందన్నారు. సంజాయిషీ అడుగుతామన్నారు. ఇస్తానంది.

బేబీరాణి బుధవారం వచ్చింది. తండ్రి కూడా వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, ల్యాబ్ కిటికీ అవతల వరండాలో నిలబడ్డాడు. ప్రసన్న బోర్డు ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. తన కోడ్ తెరమీద పెట్టి, కంపైలర్ నోరు మూయించిన లైను చూపించింది, ఒకరి పని అయ్యేదాకా రెండోవారిని ఆపే తాళం లేని చోటు చూపించింది. తర్వాత బేబీరాణి కోడ్ నడిపించి చూపించింది. మాటలు ముందే మనసులో అనుకుని వచ్చినా, "నేను ఆమెని అవమానించాను" అనే చోట ఆగింది. నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టింది. ఎవరూ నవ్వలేదు. చరణ్‌తేజ కూడా తల దించుకున్నాడు.

అయిపోయిందనుకునేసరికి ముందు వరసలో సాయిప్రియ లేచింది.

"మేడమ్, ఆ రోజు మీరు నన్ను ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్నండి. బేబీ కూర్చునే చోటునుంచి నా స్క్రీన్ కనపడదు. మధ్యలో స్తంభం ఉందండి."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. స్తంభం ఉంది. ప్రసన్న ఆ ల్యాబ్‌లో ఏళ్ళ తరబడి ఆ స్తంభం చుట్టూ తిరుగుతూ పాఠం చెబుతోంది.

"మరి నువ్వెందుకు చెప్పలేదు?" అని అడిగింది బేబీరాణి, మేడమ్‌ని కాదు, సాయిప్రియని.

సాయిప్రియ కూర్చుండిపోయింది.

పిల్లలు వెళ్ళిపోయాక ప్రసన్న వరండాలోకి వచ్చింది. దుర్గారావు కూతురితో మాట్లాడుతున్నాడు. ఆయన చెయ్యి ఆ పిల్ల చెంప దాకా వెళ్ళి, తాకకుండా ఆగి, భుజం మీద వాలింది. ప్రసన్నని చూసి నమస్కారం పెట్టాడు. ఆమె కూడా చేతులు జోడించింది.

బేబీరాణి హాస్టల్‌కి తిరిగొచ్చింది. మార్కు సరైంది. ఆ సెమిస్టర్ మిగిలినన్ని రోజులూ క్లాసులో కూర్చుంది, రాసుకుంది, అడిగితే లేచి సమాధానం చెప్పింది, ఇప్పుడు గొంతు బాగానే వినపడేది. సందేహం వస్తే మాత్రం పక్క సెక్షన్ లెక్చరర్ దగ్గరికి వెళ్ళి అడిగేది. ప్రసన్న స్టాఫ్ రూమ్ గుమ్మం ముందునుంచే వెళ్ళేది, పుస్తకం గుండెలకి హత్తుకుని. లోపల కూర్చున్న ప్రసన్న ఆ అడుగుల చప్పుడు గుర్తుపట్టేది. పిలవాలని చాలాసార్లు అనిపించింది. పిలిచే హక్కు తనకి లేదనిపించి, చేతిలో ఉన్న కోడ్ వంక తల దించుకునేది.